ఫిజియోథెరపిస్టుగా నొప్పి మీద పరిశోధన చేయాలంటే: మళ్లీ రాని రోగి దగ్గర మొదలుపెట్టండి

"క్లినిక్‌లో కొన్నేళ్లు చేశాను, ఇప్పుడు పరిశోధన వైపు వెళ్లాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు మేడమ్?" అని అడిగే ఫిజియోథెరపిస్టులు నాకు తరచూ తగులుతుంటారు. వాళ్లలో చాలామంది మనసులో పెద్దాసుపత్రి, ఖరీదైన పరికరాలు, కండరాల కదలికలు గీసే కంప్యూటర్లు ఉంటాయి. అవీ అవసరమే. నేను మాత్రం నా ఉద్యోగ జీవితమంతా మామూలు డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చునే మనుషుల మీదే పెట్టాను. నడుం పట్టేసినవాళ్లు, మెడ తిప్పలేనివాళ్లు, చెయ్యి పైకి లేవనివాళ్లు, పక్కగోడ పట్టుకుని మెట్లు దిగేవాళ్లు. ప్రపంచం మొత్తం మీద మనుషులు వైకల్యంతో గడిపే సంవత్సరాలకు అతి పెద్ద కారణం నడుం నొప్పి. ఆ నొప్పి ముందుగా చేరేది సర్జన్ దగ్గరికి కాదు, ప్రాథమిక వైద్యానికి. అందులో ఎక్కువ భాగం అక్కడే ఆగిపోతుంది కూడా. అందుకే పరిశోధన అక్కడ జరగాలని నా పట్టుదల. ఈ దారిలోకి రావాలనుకునేవాళ్లకు ఏం చేయాలో, ఏ పనికి ఎంత సమయం పెట్టాలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

ప్రశ్న మీ హాజరు పట్టీలోనే ఉంది

పీహెచ్‌డీకి టాపిక్ కోసం జర్నళ్లు తిరగేయడం అందరూ చేసేదే. దానికంటే ముందు మీ క్లినిక్ అపాయింట్‌మెంట్ రిజిస్టరు తీయండి. ఒక నెలలో నడుం నొప్పితో వచ్చినవాళ్ల పేర్లు చూసి, రెండోసారి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో గుర్తు పెట్టండి. రానివాళ్ల గురించి మనకు తెలిసిందెంత? "తగ్గిపోయి ఉంటుంది, అందుకే రాలేదు" అనుకుంటాం. నేనూ అలా అనుకునే వాతావరణంలోనే పని నేర్చుకున్నాను.

ఆ ఊహను పరీక్షకు పెట్టిన అధ్యయనం ఒకటుంది. ఇంగ్లాండులో పీటర్ క్రాఫ్ట్ బృందం 1998లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. నడుం నొప్పితో జనరల్ ప్రాక్టీసుకు వచ్చినవాళ్లలో 92 శాతం మంది మూడు నెలలు దాటాక ఆ నొప్పి కోసం డాక్టరు దగ్గరికి రావడం మానేశారు. రికార్డులు మాత్రమే చూస్తే అందరికీ నయమైపోయినట్టే. కానీ పరిశోధకులు మనుషుల్ని కలిసి అడిగితే, ఏడాది తర్వాత పూర్తిగా కోలుకున్నామన్నవాళ్లు 25 శాతమే. మిగిలినవాళ్లు నొప్పితోనో, దానివల్ల పనులు ఆగిపోయిన ఇబ్బందితోనో బతుకుతున్నారు. డాక్టరు దగ్గరికి రావడం మాత్రం మానేశారు, అంతే.

ప్రాథమిక వైద్యంలో నొప్పి మీద జరిగే పరిశోధనలో సగం ఈ రెండు అంకెల మధ్య ఖాళీలోనే ఉంది. వాళ్లెందుకు రాలేదు? ఎవరికి మొదటిరోజు చెప్పిన నాలుగు మంచి మాటలే సరిపోయేవి, ఎవరికి చాలవు? ఆ తేడా మొదటిరోజే కనిపెట్టగలమా? మీ ప్రశ్న వీటికి దగ్గరగా ఉంటే చాలు, పది పదిహేనేళ్లు దాని మీద పనిచేసినా విసుగు రాదు.

ప్రశ్నను కాగితం మీద ఒక్క వాక్యంలో రాయండి. ఎవరిలో, దేన్ని, దేనితో పోల్చి, ఏది మారిందని ఎప్పుడు చూస్తారు అన్న అయిదూ అందులో ఉండాలి. "నడుం నొప్పికి వ్యాయామం ప్రభావం" అని రాస్తే అది ప్రశ్న కాదు. "ఆరు వారాలు దాటిన నడుం నొప్పితో జనరల్ డాక్టరు దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లలో, ఒకసారి వివరంగా సలహా ఇచ్చి పంపడం కంటే ఆరు సెషన్ల వ్యాయామం ఆరు నెలల తర్వాత రోజువారీ పనుల్ని మెరుగుపరుస్తుందా" అని రాస్తే దాన్ని పట్టుకుని పని మొదలుపెట్టవచ్చు.

పెన్ను తీయమని అడిగి చూడండి

మా దగ్గర చేరే కొత్తవాళ్లతో నేను మొదట చేయించే పని ఇది. నడుం నొప్పి ఉన్న మనిషి ఎదురుగా నేల మీద ఒక పెన్ను పెట్టి, తీసి ఇవ్వమని అడగాలి. కొలతలేమీ వద్దు, ఊరికే చూడాలి.

అలా ఒకాయన్ని చూసింది బాగా గుర్తుంది. డ్రైవరు, నలభై దాటిన మనిషి. పెన్ను వైపు చూసి ముందు ఊపిరి బిగబట్టాడు. ఒక చెయ్యి తొడ మీద ఆనించి, వీపు కర్రలా ఉంచి, మోకాళ్లు మాత్రమే మడిచి మెల్లగా కిందికి దిగాడు. పెన్ను అందుకుని పైకి లేచేదాకా ఊపిరి వదల్లేదు. నొప్పి వచ్చిందా అని అడిగితే రాలేదన్నాడు. మరెందుకలా అంటే, "డిస్క్ ఎండిపోయిందని ఎంఆర్ఐలో రాశారు మేడమ్, వంగితే పూర్తిగా జరిగిపోతుందేమోనని టెన్షన్" అన్నాడు. ఆయన్ని ఆపింది నొప్పి కాదు. కాగితం మీది ఒక వాక్యం, దాన్ని విడమరిచి చెప్పేవాళ్లు లేకపోవడం.

ఆ వాక్యం వెనక ఉన్న లెక్క ప్రతి ఫిజియోథెరపిస్టుకూ తెలిసి ఉండాలి. నడుం నొప్పి అసలే లేని 3,110 మంది స్కాన్ల వివరాలను 33 అధ్యయనాల నుంచి కూర్చిన సమీక్ష 2015లో వచ్చింది. నొప్పి లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి. అంటే వయసుతో జుట్టు నెరిసినట్టే లోపలా మార్పు వస్తుంది. దాన్ని జబ్బుగా రాసి చేతికిస్తే మనిషి వంగడం మానేస్తాడు, వంగడం మానేస్తే పని మానేస్తాడు, తర్వాత బయటికి వెళ్లడం మానేస్తాడు. గ్లాస్గోకు చెందిన ఎముకల సర్జన్ గోర్డన్ వాడెల్ 1987లోనే ఈ సంగతి రాశాడు. నడుం నొప్పిని ఎముకల లోపంగా మాత్రమే చూస్తే లాభం లేదని, శరీరం, మనసు, చుట్టూ ఉన్న జీవితం మూడూ కలిపి చూడాలని చెప్పింది స్వయంగా ఒక సర్జన్ కావడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

పరిశోధకుడికి కావలసిన చూపు ఇదే. కొలిచే ముందు చూడటం, చూసినదాన్ని అడగటం, అడిగినదానికి వచ్చిన జవాబును వాళ్ల మాటల్లోనే రాసుకోవడం. పీహెచ్‌డీలో ఇంటర్వ్యూలు చేయాల్సి వస్తే ఈ అలవాటే కాపాడుతుంది. ప్రశ్నల చిట్టా చేతిలో ఉన్నా, "నొప్పి మొదలైన రోజు నుంచి చెప్పండి" అని అడిగి ఆగండి. మధ్యలో సరిదిద్దకండి. చికిత్స చేసే చేతులకు ఊరుకోవడం కష్టం, తెలుసు. అయినా ఆ గంటసేపు మీరు వైద్యం చేయడానికి కూర్చోలేదు. ప్రమాద సూచనలు చెవిన పడితే మాత్రం ఊరుకోకూడదు. మూత్రం మీద అదుపు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం, కాలు రోజురోజుకూ బలహీనపడటం లాంటివి వింటే ఇంటర్వ్యూ అక్కడే ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలి. ఎలా పంపాలో ప్రోటోకాల్‌లో, అంటే అధ్యయనం నడిపే పద్ధతి రాసుకున్న కాగితంలో, ముందే ఉండాలి.

చదవడం

చదివే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. ఫిజియోథెరపీ ట్రయల్స్, అంటే చికిత్సల్ని మనుషుల మీద పోల్చి చూసే పరీక్షల కోసం 1999 నుంచి పెడ్రో అనే ఉచిత డేటాబేస్ ఉంది, అక్కడ మొదలుపెట్టండి. పేపరు చేతికి రాగానే చివరి నిర్ణయం చదవకండి. ముందు మూడు చోట్ల వేలు పెట్టండి: పోల్చింది దేనితో, ఎన్నాళ్లు చూశారు, మొదలుపెట్టినప్పుడు ముఖ్యమని చెప్పిన కొలతనే చివర్లోనూ ముఖ్యమంటున్నారా.

ఒక ఉచ్చు గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. "మా చికిత్స తర్వాత నొప్పి పదికి 7 నుంచి 4కు తగ్గింది" అని రాసే పేపర్లు కుప్పలుగా వస్తాయి. మనుషులు క్లినిక్‌కు ఎప్పుడు వస్తారు? నొప్పి బాగా ముదిరిన రోజున. అక్కడి నుంచి అది ఎలాగూ కొంత దిగుతుంది. మందు వేసినా, వేడి కాపడం పెట్టినా, ఏమీ చేయకపోయినా దిగుతుంది. మనం ఆ దిగేటప్పుడు పక్కన ఉన్నాం కాబట్టి ఘనత మనదనిపిస్తుంది. అందుకే పోల్చడానికి రెండో గుంపు లేకుండా ఏ చికిత్స గురించీ మాట్లాడకూడదు. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో చీటీ తీసినట్టు నిర్ణయం కావాలి. క్లినిక్‌లో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఈ మాట వినగానే నొచ్చుకుంటారు. వాళ్ల అనుభవం విలువైనదే. ఏ ప్రశ్న అడగాలో అది చెబుతుంది. జవాబు మాత్రం పోలిక చెప్పాలి.

గైడ్, బృందం

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన ప్రచురణల జాబితా కంటే, ఆయన దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో చూడండి. వాళ్లలో ఇద్దరితో మాట్లాడండి. రాసి పంపింది ఎన్నాళ్లకు తిరిగొచ్చేది, కష్టకాలంలో ఫోను ఎత్తేవారా అని సూటిగా అడగండి. పరిశోధన మొదటి రెండేళ్లు మీ మనసు ఎలా ఉంటుందన్నది దాదాపు ఈ ఒక్క మనిషి మీదే ఆధారపడుతుంది.

ఒంటరిగా మాత్రం ఈ పని చేయకండి. ఇంగ్లాండులోని కీల్ విశ్వవిద్యాలయం ప్రాథమిక వైద్యంలో నొప్పి పరిశోధనకు పేరు తెచ్చుకుంది. నా దృష్టిలో దానికి ఒక పెద్ద కారణం, అక్కడ జనరల్ డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు, గణాంక నిపుణులు, మనస్తత్వ నిపుణులు ఒకే ప్రశ్న మీద కలిసి కూర్చోవడం. మీ దగ్గర అంత పెద్ద కేంద్రం లేకపోయినా, ఒక జనరల్ డాక్టరు, ఒక గణాంక నిపుణుడు, నొప్పితో బతుకుతున్న ఇద్దరు ముగ్గురు మనుషులు, ఇంతమంది చాలు. గణాంక నిపుణుడి దగ్గరికి డేటా పోగయ్యాక కాదు, ప్రశ్న రాసిన వారంలోనే వెళ్లండి.

నొప్పితో బతుకుతున్నవాళ్లను సంతకాల కోసం పిలవకండి. ప్రశ్నపత్రాలు వాళ్ల ముందు పెట్టి పైకి చదవమనండి. రోలాండ్ మోరిస్ ప్రశ్నావళి 1983 నుంచి వాడుకలో ఉంది, అందులో 24 వాక్యాలు. నడుం నొప్పి వల్ల ఈ రోజు మీకు ఏది వర్తిస్తుందో దానికి టిక్కు పెట్టాలి. నేను పక్కన కూర్చున్నప్పుడు ఒకావిడ "ఈ రోజు" అన్నచోట ఆగి, "ఈ రోజు బానే ఉందమ్మా, నిన్నంతా మంచంమీదే ఉన్నాను, ఏది రాయను?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న మీద మా బృందం మధ్యాహ్నమంతా మాట్లాడుకుంది. ఇలాంటివి అంకెల పట్టికలో ఎప్పటికీ బయటపడవు. ఎలా నింపాలో చెప్పే పద్ధతి అందరికీ ఒకేలా ఉండాలని, ఆ సూచనలు రాసిపెట్టాలని ఆవిడ వల్లే నిర్ణయించుకున్నాం.

అంకెల దగ్గర భయపడకండి

ఎంతమందిని చేర్చుకోవాలన్నది అందరూ భయపడే చోటు. ఒక లెక్క చేసి చూపిస్తాను, తర్వాత భయం ఉండదు.

రెండు గుంపుల మధ్య తేడాను, మనుషుల మధ్య సహజంగా ఉండే ఎగుడుదిగుళ్లతో భాగించండి. ఆ విలువ 0.5 వస్తుందని ఆశిస్తే, ఆ తేడా నిజంగా ఉంటే 80 శాతం అవకాశంతో పట్టుకోవడానికి గుంపుకు 64 మంది కావాలి, మొత్తం 128. మధ్యలో 20 శాతం మంది జారిపోతారనుకుంటే 160 మందిని చేర్చుకోవాలి. బాగానే ఉంది. కానీ మన రంగంలో సలహాతో పోలిస్తే వ్యాయామం తెచ్చే అదనపు మేలు సాధారణంగా అంత పెద్దది కాదు. 0.3 అనుకుంటే గుంపుకు 175 మంది, జారిపోయేవాళ్లతో కలిపి దాదాపు 440 మంది. ఇక మనుషులకు కాకుండా క్లినిక్కులకు చీటీలు తీస్తే ఇంకా పెరుగుతుంది. ఒకే క్లినిక్‌లో చూపించుకునేవాళ్లు ఒకరితో ఒకరు కొంత పోలి ఉంటారు కాబట్టి ఒక్కొక్కరు ఇచ్చే సమాచారం తగ్గుతుంది. క్లినిక్‌కు 20 మంది, ఆ పోలిక విలువ 0.05 అయితే, మొత్తం సంఖ్యను 1.95తో గుణించాలి. అంటే దాదాపు రెట్టింపు.

ఈ లెక్క చూశాక పీహెచ్‌డీ విద్యార్థి చేయాల్సింది పెద్ద ట్రయల్ కాదని దానంతట అదే తెలుస్తుంది. మూడు చిన్న పనులు చేయండి: ఉన్న పరిశోధనల సమీక్ష, రోగులతో, డాక్టర్లతో ఇంటర్వ్యూలు, పెద్ద ట్రయల్ సాధ్యమా అని చూసే చిన్న అధ్యయనం. ఆ చిన్న అధ్యయనంలో చికిత్స పనిచేసిందా అని తేల్చకండి, అంతమందితో అది తేలదు. నెలకు ఎంతమంది ఒప్పుకున్నారు, ఎంతమంది వ్యాయామాలు చేశారు, ఎంతమంది ప్రశ్నపత్రం తిరిగిచ్చారు అన్నవి చూడండి. గ్రాంటు ఇచ్చే కమిటీ ముందు నిలబడ్డప్పుడు ఈ మూడు జవాబులూ మీ చేతిలో ఉంటే గొంతు వణకదు.

మనుషులు దొరకరు

అమెరికన్ వైద్యుడు లూయిస్ లసాన్యా పేరు మీద ఒక సూత్రం చెప్పుకుంటారు. అధ్యయనం మొదలైన రోజున అర్హులైన రోగులు మాయమైపోతారు, అది ముగిసిన మర్నాడు మళ్లీ వరస కడతారు. ప్రాథమిక వైద్యంలో ఇది అక్షరాలా జరుగుతుంది. డాక్టరు గదిలో ఒక్కో మనిషికి దొరికేది కొద్ది నిమిషాలు. అందులో నొప్పి గురించి వినాలి, పరీక్షించాలి, మందు రాయాలి. మీ అధ్యయనం గుర్తు రావడానికి సమయమెక్కడ?

కాబట్టి డాక్టరు జ్ఞాపకశక్తి మీద ఆధారపడే పద్ధతి పెట్టుకోకండి. రోగి జబ్బు కోడ్ కంప్యూటరులో పడగానే దానంతటదే గుర్తుచేసే ఏర్పాటు ఉంటే మంచిది. లేకపోతే వారానికోసారి రికార్డులు వెతికి, క్లినిక్ తరఫునే ఉత్తరం వెళ్లేలా చూడండి. రిసెప్షన్‌లో కూర్చునేవాళ్లతో స్నేహం చేయండి, వాళ్లను బృందంలో మనుషులుగా చూడండి. నేను చూసినంతలో అధ్యయనం నడిచిన క్లినిక్కులన్నిట్లో రిసెప్షన్‌లో దాని గురించి ఇష్టంగా చెప్పే ఒక మనిషి ఉన్నారు.

ఇంకో మాట. మీరు చికిత్స చేస్తున్న రోగిని మీరే అధ్యయనానికి అడగకండి. మీ మీద గౌరవంతో కాదనలేరు. ఆ సమ్మతిలో స్వేచ్ఛ ఉండదు. అడగడానికి వేరే మనిషిని పెట్టండి, ఇంటికి వెళ్లి ఆలోచించుకునే సమయం ఇవ్వండి, కాదంటే వైద్యంలో ఏ తేడా రాదని ముందుగానే చెప్పండి.

ట్రయల్‌ను మొదటి మనిషి చేరకముందే అందరూ చూడగలిగే ట్రయల్స్ జాబితాలో రిజిస్టరు చేయాలి. పెద్ద వైద్య పత్రికల సంపాదకులు 2005 నుంచి అలా చేయని ట్రయల్స్‌ను తీసుకోవడం లేదు. విశ్లేషణ ఎలా చేస్తారో కూడా డేటా చూడకముందే రాసి తేదీ వేయండి. చికిత్సను ఇంకొకరు చదివి అలాగే చేయగలిగేంత వివరంగా రాయండి: ఏ వ్యాయామం, ఎన్నిసార్లు, ఎప్పుడు పెంచాలి, ఎవరు నేర్పాలి. దీనికి 12 అంశాల టైడియర్ జాబితా 2014 నుంచి ఉంది. "స్ట్రెచింగ్, స్ట్రెంగ్తెనింగ్ చేయించాం" అని ఒక వాక్యం రాసి వదిలేసే రోజులు పోవాలి.

తేడా లేదని తేలినప్పుడు

ఈ వృత్తిలో మిమ్మల్ని నిజంగా పరీక్షించేది ఇదే. ఏళ్లు పట్టి చేసిన ట్రయల్ చివర, రెండు గుంపులూ ఒకేలా వచ్చాయని గణాంక నిపుణుడు చెప్పే రోజు వస్తుంది. అది వస్తుందని ముందే తెలిసి ఉండటం మంచిది.

భుజం నొప్పి మీద ఇంగ్లాండులో జరిగిన గ్రాస్ప్ ట్రయల్ చూడండి, 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, 708 మంది. ఫిజియోథెరపిస్టు దగ్గర ఆరు సెషన్ల దాకా క్రమంగా పెంచే వ్యాయామం ఒకవైపు, ఒకే ఒక్క సెషన్లో మంచి సలహా, ఇంట్లో చేసుకునే వ్యాయామాలు ఇంకోవైపు. ఏడాది పొడవునా చూస్తే ఎక్కువ సెషన్లు అదనంగా మేలు చేయలేదు. ఇది విని "ఫిజియోథెరపీ పనికిరాదన్నమాట" అనుకునేవాళ్లున్నారు. నేను దాన్ని తలకిందులుగా చదువుతాను. శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు ఒక్కసారి సరిగ్గా కూర్చుని చెబితే, అది ఆరు సెషన్లకు దీటుగా నిలిచింది. దూరం నుంచి వచ్చే మనిషికి, సెలవు దొరకని మనిషికి, రెండోసారి రాని మనిషికి ఇంతకంటే మంచి వార్త ఏముంది?

కీల్‌లో పుట్టిన స్టార్ట్ బ్యాక్ కథ ఇంకా బాగా పాఠం చెబుతుంది. నడుం నొప్పితో వచ్చినవాళ్లు నింపే తొమ్మిది ప్రశ్నల చిన్న కాగితం అది. కాలిలోకి నొప్పి పాకిందా, బట్టలు వేసుకోవడం నెమ్మదించిందా లాంటివి నాలుగు. నాలాంటివాళ్లు కదలడం ప్రమాదమా, ఇది ఎప్పటికీ తగ్గదా, దిగులుగా ఉంటుందా లాంటివి అయిదు. మొత్తం 3 మార్కులు లేదా అంతకంటే తక్కువ వస్తే నొప్పి తగ్గకుండా నిలిచిపోయే ప్రమాదం తక్కువ. ఆ చివరి అయిదింట్లోనే 4 లేదా 5 వస్తే ఎక్కువ ప్రమాదం. మిగిలినవాళ్లు మధ్యలో. మొదటివాళ్లకు ధైర్యం చెప్పి సలహాతో పంపుతారు, మధ్యవాళ్లకు ఫిజియోథెరపీ, చివరివాళ్లకు భయం, దిగులు మీద కూడా పనిచేసే ఫిజియోథెరపీ. 851 మందితో చేసిన ట్రయల్ 2011లో లాన్సెట్‌లో వచ్చింది. ఇలా విభజించి చూసినవాళ్లు మామూలు పద్ధతిలో చూసినవాళ్లకంటే మెరుగయ్యారు, ఖర్చు కూడా తగ్గింది. ఆ తర్వాత అమెరికాలో మ్యాచ్, టార్గెట్ అనే రెండు ట్రయల్స్ ఇదే పద్ధతిని తమ వ్యవస్థలో పెట్టి చూశాయి. అక్కడ తేడా కనిపించలేదు.

ఎందుకు? కాగితం అదే. కానీ దాన్ని నింపించినంత మాత్రాన డాక్టరు ఆ తర్వాత చేసే పని మారదు. ఎక్కువ ప్రమాదం అని వచ్చిన మనిషి నిజంగా శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు దగ్గరికి చేరాలి. చేర్చే దారి లేకపోతే స్కోరు ఫైల్లోనే ఉండిపోతుంది. నా అభిప్రాయంలో వచ్చే తరం పరిశోధకుల పని ఎక్కువగా ఇక్కడే ఉంది. కొత్త వ్యాయామం కనిపెట్టడం కంటే, పనిచేస్తుందని తెలిసినదాన్ని మామూలు క్లినిక్‌లో మామూలు మంగళవారం నాడు జరిగేలా చేయడం కష్టం.

తేడా లేదని తేలిన ఫలితాన్ని దాచకండి, పక్కనున్న చిన్న కొలతను వెతికి దానితో తెర కప్పకండి. ముఖ్యమని ముందు చెప్పిన కొలతే ముందు రాయండి. తేడా లేకపోతే ఏ పని మానుకోవచ్చో తెలుస్తుంది, మానుకున్న పని వల్ల ఎవరికో సమయం, డబ్బు మిగులుతాయి.

ఉద్యోగం, క్లినిక్

వారంలో కనీసం ఒక రోజు క్లినిక్ వదలకండి. జీతం కోసం కాదు. రెండేళ్లు రోగుల్ని చూడకపోతే ప్రశ్నలు జర్నళ్లలోంచి పుట్టడం మొదలవుతుంది. ఒప్పందం రాసుకునేటప్పుడే ఆ రోజు ఏదో, ఆ రోజు మీటింగులు పెట్టకూడదని రాయించుకోండి. నోటి మాటగా ఉన్న రోజు ఆరు నెలల్లో కరిగిపోతుంది.

పీహెచ్‌డీ అయ్యాక వచ్చే మూడు నాలుగేళ్లు అన్నిటికంటే కష్టం. ఉద్యోగాలు గ్రాంటుతో పాటే ముగుస్తాయి. ఒకరి ప్రాజెక్టులో పనిచేస్తూనే మీ పేరు మీద చిన్న ఫెలోషిప్ కోసం రాయండి. తిరస్కరణ ఉత్తరంలో సమీక్షకుల వ్యాఖ్యల్ని మూడు రోజులాగి చదవండి. ఒకే అభ్యంతరం ఇద్దరు రాస్తే అది నిజమే, సరిచేయండి. ఒక్కరే రాస్తే ఆలోచించండి. ఇంట్లోవాళ్లకు ఈ ఉద్యోగం స్వభావం ముందే చెప్పి ఉంచండి. గడువు దగ్గరపడ్డ నెలలో మీరేమిటో వాళ్లకే తెలియాలి.

జూనియర్లు చేరాక పేపరు మీద పేర్ల వరస గురించి పని మొదలవకముందే మాట్లాడుకోండి. డేటా సేకరించిన కుర్రవాడి పేరు చివరికి జారిపోవడం చాలా చోట్ల చూశాను. అది ఎవరికీ మర్యాద కాదు.

పేపరు అచ్చయ్యాక ఇంకా రెండు పనులుంటాయి. ఒకటి, అధ్యయనం జరిగిన క్లినిక్కుల డాక్టర్లకు ఒక్క పేజీ. ఏం చూశాం, ఏం తేలింది, సోమవారం నుంచి ఏది మార్చవచ్చు. అంతకంటే ఎక్కువ రాస్తే చదవరు. రెండు, పాల్గొన్న ప్రతి మనిషికీ ఉత్తరం. వాళ్ల గుంపులో ఏం జరిగిందో, అవతలి గుంపులో ఏం జరిగిందో, దాన్నిబట్టి ఇప్పుడు నొప్పి ఉన్నవాళ్లు ఏం చేయవచ్చో మామూలు మాటల్లో రాయాలి. ఈ ఉత్తరాల పోస్టేజీని, అవి రాయడానికి పట్టే మనిషి సమయాన్ని గ్రాంటు బడ్జెట్‌లో మొదటే చేర్చండి. చివర్లో డబ్బు మిగలదు, మధ్యలో తప్పుకున్నవాళ్ల చిరునామాలు కూడా అప్పటికి మారిపోయి ఉంటాయి. మళ్లీ క్లినిక్‌కు రాకుండా ప్రశ్నపత్రం మాత్రం పోస్టులో పంపినవాళ్లకు కూడా ఈ ఉత్తరం తప్పకుండా వెళ్లాలి.